మౌనవ్రతం లేని మౌనం: క్రైస్తవ మఠాల్లో ఏకాంతం ఎందుకోసం

కృష్ణా, గుంటూరు సీమల్లో క్రైస్తవం ముందుగా చెవికి పరిచయమయ్యే మతం. తెల్లవారుజామున గుడి మైకులో వినిపించే కీర్తన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, రాత్రంతా సాగే ఆరాధన, కోతలైన పొలాల్లో పందిళ్లు వేసి నడిపే సభలు, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండకు పోటెత్తే జనం, ఇవన్నీ కలిసి ఇక్కడివారి మనసులో ఆ మతానికి ఒక రూపాన్ని ఇచ్చాయి. పాస్టరుగారి గొంతు, పాటల బృందం, సాక్ష్యం చెప్పేవారి కన్నీళ్లు ఆ రూపంలో ఉన్నాయి గాని మాట్లాడకుండా కూర్చున్న మనిషి అందులో ఎక్కడా కనిపించడు. ఇదే మతంలో సుమారు 1,700 ఏళ్లుగా కొందరు స్త్రీ పురుషులు ఊళ్లకు దూరంగా, ఒక్కో గదిలో ఒక్కరుగా, రోజులో అధిక భాగం నోరు విప్పకుండా బతుకుతూ వచ్చారని చెబితే వినేవారికి ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ ఆశ్చర్యం సాధారణంగా రెండు మాటల్లో బయటపడుతుంది. హిందూ కుటుంబాల నుంచి వచ్చినవారు "మన మునుల్లాగే మౌనవ్రతం పట్టారన్నమాట" అంటారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో పెరిగినవారు "ఇది వాక్యంలో ఎక్కడుంది? సువార్త చెప్పవలసినవాళ్లు గదిలో దాక్కోవడమేమిటి?" అని నిలదీస్తారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, రెండూ అసలు విషయాన్ని పక్కకు తప్పించేవే. మఠవాసి మౌనం వ్రతమూ కాదు, పలాయనమూ కాదని నా అభిప్రాయం. అది వినడం కోసం పెట్టుకున్న క్రమశిక్షణ. దాని నాణ్యతను ఆ సంప్రదాయం ఎప్పుడూ ఆ మనిషి పక్కవారితో ఎలా మెలుగుతున్నాడన్న దానితోనే కొలిచింది. ఈ మాట వివరంగా చెప్పాలంటే ముందు వ్రతం సంగతి తేల్చుకోవాలి.

పాశ్చాత్య మఠాలన్నిటికీ మూలగ్రంథం లాంటిది 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన నియమావళి. 73 అధ్యాయాల ఆ చిన్న పుస్తకంలో 58వ అధ్యాయం కొత్తగా చేరేవారు చేయవలసిన ప్రమాణాలను చెబుతుంది: చేరిన మఠంలోనే చివరిదాకా ఉండే స్థిరత్వం, నడవడిని మార్చుకుంటూ పోవడం, విధేయత. మౌనం ఈ మూడింటిలో లేదు. "మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న సన్యాసులు" అని పత్రికల్లో తరచు కనిపించే వర్ణన బెనెడిక్ట్ నియమావళినే అనుసరించే, ఎంతో కఠినులుగా పేరుపడిన ట్రాపిస్టు సన్యాసులకు కూడా వర్తించదు. వారు చాలాకాలం పనివేళల్లో చేతి సైగలతో సంభాషించుకున్న మాట నిజమే. 1960ల తర్వాత ఆ కట్టుబాటు చాలావరకు సడలింది. అయితే సైగలు కూడా అవసరం మేరకు పెట్టుకున్న ఏర్పాటే తప్ప, ప్రమాణభంగం అవుతుందన్న భయంతో వెతుక్కున్న దొడ్డిదారి కాదు.

మౌనానికి బెనెడిక్ట్ 6వ అధ్యాయాన్ని కేటాయించాడు. "నా నోటికి చిక్కము ఉంచుకొందు ననుకొంటిని" అనే, బైబిలులోని 39వ కీర్తనతో ఆ అధ్యాయం మొదలవుతుంది. మంచి మాటనైనా అప్పుడప్పుడు ఆపుకోవాలనీ, మాట్లాడడం గురువు పని, వినడం శిష్యుని పని అనీ అంటుంది. వేళాకోళాన్ని పూర్తిగా నిషేధించిన ఆ చివరి వాక్యం మాత్రం చదివేవారికి కొంచెం నవ్వు తెప్పిస్తుంది, ఎందుకంటే నిషేధించవలసి వచ్చిందంటే మఠంలో అది బాగానే సాగి ఉండాలి. మిగతాచోట్ల మౌనం వేళలకూ చోట్లకూ సంబంధించిన ఏర్పాటుగా కనిపిస్తుంది. భోజన సమయంలో ఒకరు గ్రంథం చదువుతుంటే మిగిలినవారు చెవి ఒగ్గి తినాలి, ఏదైనా కావాలంటే సైగ చేయాలి. రాత్రి చివరి ప్రార్థన తర్వాత ఎవరూ మాట్లాడరాదు, కాని అతిథులు వచ్చినా, మఠాధిపతి ఎవరికైనా పని చెప్పినా ఆ నిబంధన వర్తించదు. ఆ మినహాయింపును గుర్తుంచుకోవాలి. వచ్చే ప్రతి అతిథినీ క్రీస్తునే ఆహ్వానించినట్టు ఆహ్వానించాలని ఆ నియమావళే మరోచోట శాసించింది.

ఈ నియమావళిలో మొట్టమొదటి మాట "విను" అనే ఆజ్ఞ. దాన్ని పట్టుకుంటే మఠంలో దినచర్య అర్థమవుతుంది. "దినమునకు ఏడు మారులు నేను నిన్ను స్తుతించుచున్నాను" అన్న 119వ కీర్తన ప్రకారం పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి అందరూ గుడిలో చేరి కీర్తనలు ఆలపిస్తారు. 150 కీర్తనలూ వారంలో ఒకసారి పూర్తి కావాలి. అంటే మౌని అని మనం పిలిచే ఆ మనిషి రోజులో కొన్ని గంటలపాటు గొంతెత్తి పాడుతూనే ఉంటాడు. ఆ పైన గ్రంథపఠనం. లేఖనంలోని కొద్దిపాటి భాగాన్ని తీసుకుని, పెదవులు కదుపుతూ నెమ్మదిగా పదేపదే చదువుకుని, అందులో ఏ మాట తనను ఆపిందో అక్కడే ఆగి, దానితోనే ప్రార్థనలోకి వెళ్లడం ఆ పఠన పద్ధతి. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీయే మౌనం. పొద్దున విన్న వాక్యం మధ్యాహ్నందాకా మనసులో నిలవాలంటే ఆ మధ్య వేరే మాటలు దాని మీద పడకూడదన్నది అందులోని తర్కం. వాక్యాన్ని వదిలేసి మౌనం పాటించే మఠం క్రైస్తవ చరిత్రలో ఎక్కడా లేదు కాబట్టి, "వాక్యమా, మౌనమా" అని రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టే ప్రశ్న ఇక్కడ పొసగదు.

బెనెడిక్ట్ ఈ పద్ధతిని కొత్తగా కనిపెట్టలేదు. ఆయనకు రెండు శతాబ్దాలకు పైగా ముందే ఈజిప్టు ఎడారుల్లో దీనికి పునాది పడింది. అక్కడ మొదట చెప్పుకునే పేరు అంతోని. మన ప్రాంతపు కతోలికులు బాలయేసును చేతుల్లో ఎత్తుకున్న రూపంలో కొలిచే పునీత అంతోని 13వ శతాబ్దపు పాదువా పట్టణానికి చెందినవాడు, ఈయన వేరు. సుమారు 251లో ఈజిప్టులో కలిగిన రైతు కుటుంబంలో పుట్టి, తల్లిదండ్రులు పోయాక ఒకనాడు గుడిలో "పోయి నీ ఆస్తిని అమ్మి బీదలకిమ్ము" అన్న సువార్త వాక్యం చదవగా విని, అది తనకే చెప్పినట్టు తీసుకుని, ఉన్నదంతా పంచిపెట్టాడు. చెల్లెలిని కన్యల సంఘంలో చేర్చాడు. ఆ అమ్మాయి ఇష్టమేమిటో ఆయన చరిత్ర రాసిన బిషప్పు అతనాసియుస్ చెప్పలేదు.

క్రైస్తవులపై హింస ఆగి, 313లో రోమా చక్రవర్తి మతస్వేచ్ఛ ఇచ్చాక, సంఘంలోకి సుఖం ప్రవేశించిందనీ, దానికి విసిగినవారే ఎడారికి వెళ్లారనీ ఒక వివరణ బాగా ప్రచారంలో ఉంది. ఎడారికి జనం వెల్లువగా వెళ్లడానికి అది కొంత కారణం కావచ్చు గాని, అంతోని ఇల్లు విడిచింది సుమారు 270లో, అంటే ఆ స్వేచ్ఛకు నలభై ఏళ్లకు పైగా ముందు. పైగా ఆయన నేరుగా ఎడారికి పోలేదు. మొదట తన ఊరి పొలిమేరలోనే ఉండి, పక్క ఊళ్లో అప్పటికే ఒంటరిగా ప్రార్థించుకుంటున్న ఒక వృద్ధుని దగ్గర నేర్చుకున్నాడు. తర్వాతే దూరం పెరిగింది: సమాధుల మధ్యకు, అక్కడి నుంచి పాడుబడిన కోటలోకి. ఆ కోటలో సుమారు 20 ఏళ్లు గడిపి బయటికి వచ్చినప్పుడు ఆయన బలిసీ లేడు, చిక్కి శల్యమూ కాలేదని అతనాసియుస్ రాశాడు. ఆ తర్వాత ఆయన చేసినది రోగులను చూడడం, తగవులు తీర్చడం, శిష్యులకు బోధించడం. 311 ప్రాంతంలో మళ్లీ హింస రేగినప్పుడు అలెగ్జాండ్రియా నగరానికి వెళ్లి, ఖైదులో ఉన్న విశ్వాసుల పక్కన నిలిచాడు. ఏకాంతవాసులందరికీ ఆదిపురుషుడనదగిన మనిషి జీవితం ఇలా మనుషుల మధ్యకే తిరిగి వచ్చింది.

ఇదే కాలంలో మన కృష్ణాతీరంలో ఏం జరుగుతున్నదో ఇక్కడ తలచుకోవడం అప్రస్తుతం కాదు. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, నడుమ మండపం, చుట్టూ వరుసగా భిక్షువుల గదులు ఉన్న విహారాలు నిండుగా ఉన్నాయి. ఆ గదికీ ఈజిప్టు సన్యాసి గదికీ చారిత్రక సంబంధం ఉందని చెప్పడానికి నేను సాహసించను. రెండు చోట్లా ఏకాంతాన్ని సమూహం మధ్యలోనే కట్టారన్నది మాత్రం కంటికి కనిపించే విషయం. తేడా లక్ష్యంలో ఉంది. బౌద్ధ భిక్షువు ధ్యానంలో చిత్తాన్ని పరిశీలించి దుఃఖమూలాన్ని తెలుసుకోవాలనుకుంటాడు. క్రైస్తవ సన్యాసి కూడా చిత్తాన్ని పరిశీలిస్తాడు గాని, ఆ గదిలో తనతోపాటు మరొకరు ఉన్నారన్న నమ్మకంతో, ఆ మరొకరికి జవాబు చెప్పవలసినవాడిగా కూర్చుంటాడు. "నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి, రహస్యమందున్న నీ తండ్రికి ప్రార్థనచేయుము" అన్న యేసు మాటలో తలుపు మూసేది ఒక సంభాషణ కోసమే.

అయితే ఆ గదిలో జరిగేది ఏమిటి? నైలు నదీముఖానికి పశ్చిమాన నిత్రియ, కెల్లియ, స్కేతిస్ అనే చోట్ల 4వ శతాబ్దంలో వందల మంది ఈ జీవితానికి పూనుకున్నారు. కెల్లియలో గదులను ఒకరి మాట ఒకరికి వినిపించనంత ఎడంగా కట్టుకుని, వారమంతా ఎవరి గదిలో వారు ఈత జాతి ఆకులతో తాళ్లు పేనుతూ, బుట్టలు అల్లుతూ, కంఠస్థమైన కీర్తనలు వల్లించుకుంటూ ఉండేవారు. శని, ఆదివారాల్లో మాత్రం అందరూ గుడికి వచ్చి, కలిసి బలిపూజలో (రొట్టె, ద్రాక్షారసాల ఆరాధనలో) పాల్గొని, కలిసి భోంచేసి వెళ్లేవారు. మోషే అనే వృద్ధ సన్యాసిని ఒక యువకుడు మంచి మాట చెప్పమని అడిగితే ఆయన "వెళ్లి నీ గదిలో కూర్చో, నీ గదే నీకు అన్నీ నేర్పుతుంది" అన్నాడు. ఇది చాలా ప్రసిద్ధమైన వాక్యం. దాన్ని నేడు గోడమీద బొమ్మగా పెట్టుకునేవారు, ఆ గది ముందుగా నేర్పేది ప్రశాంతత అని అనుకుంటారు. ఎడారి గ్రంథాలు అలా చెప్పవు.

ఆ గది నేర్పే పాఠాన్ని శాస్త్రంగా రాసినవాడు ఎవాగ్రియుస్. కాన్‌స్టాంటినోపుల్ నగరంలో పేరున్న బోధకుడిగా ఉండి, ఒక వివాహితపై మనసు పడి, ఆ చిక్కు నుంచి తప్పించుకుని చివరకు కెల్లియ చేరి 399లో అక్కడే కన్నుమూశాడు. మనిషి ఒంటరిగా కూర్చున్నప్పుడు మీదికొచ్చే తలంపులను ఆయన ఎనిమిదిగా లెక్కపెట్టాడు: తిండిపోతుతనం, కామం, ధనాశ, విచారం, కోపం, విసుగుతో కూడిన నిరుత్సాహం, కీర్తికాంక్ష, గర్వం. తర్వాతి కాలపు ఏడు మూలపాపాల పట్టిక ఈ జాబితా నుంచే పుట్టింది. వీటిలో ఆరవదానికి ఆయన మధ్యాహ్నపు దయ్యమని పేరుపెట్టి, అన్నిటికంటే భారమైనది అదేనన్నాడు. అది వచ్చినప్పుడు సూర్యుడు కదలడం మానేసినట్టుంటుంది, పగలు 50 గంటలు సాగుతున్నట్టుంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, భోజనవేళ అయ్యిందేమోనని ఎండను కొలుస్తాడు, ఎవరైనా సోదరుడు ఇటు వస్తున్నాడేమోనని తొంగిచూస్తాడు. ఆ తర్వాత ఆ చోటు మీద, చేతిపని మీద, ఆ జీవితం మీదనే విరక్తి కలుగుతుంది. ఇక్కడి మనుషుల్లో ప్రేమ చచ్చిపోయిందనిపిస్తుంది. ఇంకెక్కడికైనా పోతే దేవుణ్ని ఇంకా సులువుగా సేవించవచ్చు కదా అన్న ఆలోచన, ఎంతో భక్తి నిండిన ఆలోచనగా, వచ్చి చేరుతుంది. ఇంటివారు గుర్తుకొస్తారు, ముందున్న జీవితం ఎంతో పొడుగ్గా కనిపిస్తుంది. మే నెలలో బెజవాడ మధ్యాహ్నాన్ని ఇంట్లో ఒక్కరే గడిపినవారికి ఈ వర్ణన పరాయిదిగా తోచదు. ఎవాగ్రియుస్ సూచించిన మందు మాత్రం చప్పగా ఉంటుంది: గది విడిచిపెట్టకు, పని ఆపకు, వచ్చిన తలంపు ఏదో పేరుపెట్టి గుర్తించి దానికి తగిన లేఖన వాక్యంతో జవాబు చెప్పు.

ఇప్పుడు మౌనాన్ని ఒత్తిడికి విరుగుడుగా, వారాంతపు విశ్రాంతిగా అమ్ముతున్న ప్రకటనలకూ ఈ సంప్రదాయానికీ ఉన్న దూరం ఇక్కడే తెలుస్తుంది. ఎడారి కథల్లో ముగ్గురు మిత్రులు సన్యాసులవుతారు. ఒకడు తగవులాడుకునేవారిని కలపడానికి, రెండోవాడు రోగులకు సేవ చేయడానికి పూనుకుంటారు, మూడోవాడు ఏకాంతానికి పోతాడు. మొదటి ఇద్దరూ పని సాగక డీలాపడి మూడోవాని దగ్గరికి వస్తే, అతడు పాత్రలో నీళ్లు పోసి, కదులుతున్నప్పుడు చూడమంటాడు, నిలకడైన తర్వాత మళ్లీ చూడమంటాడు. నిలకడైన నీళ్లలో వారికి తమ ముఖాలు కనిపిస్తాయి. మన పల్లెల్లో వెనుకటి రోజుల్లో వరద కాలంలో తెచ్చిన ఎర్రటి కృష్ణ నీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపి కుండను కదపకుండా ఉంచితే, పైనీరు తేటబడడంతోపాటు అడుగున మందంగా పేరుకున్న మట్టి కూడా బయటపడేది. ఎడారి గురువులకు ఆ అడుగుమట్టి మీదే ఎక్కువ ఆసక్తి. మనిషి తనను తాను చూసుకునేటప్పుడు కనిపించే మొదటి ముఖం అంత ఇంపుగా ఉండదని వారికి తెలుసు, దాన్ని చూసినవాడు ఇతరులకు తీర్పు తీర్చడానికి తొందరపడడని కూడా తెలుసు.

అందువల్లే పెదవులు మూసుకోవడాన్ని వారు పెద్ద ఘనతగా లెక్కించలేదు. అగథోను అనే ఆయన నోటిని అదుపులో పెట్టుకోవడం నేర్చుకునేందుకు మూడేళ్లపాటు నోట్లో గులకరాయి పెట్టుకున్నాడని చెప్పుకున్నారు నిజమే. కాని పోయెమెను అనే మరో ఎడారి గురువు మాట దానికంటే లోతుగా పోతుంది: ఒకడు మౌనంగా ఉన్నట్టే ఉంటాడు, అతని హృదయం ఇతరులను ఖండిస్తూ ఉంటే అతడు ఎడతెగక వాగుతున్నట్టే, మరొకడు పొద్దుటి నుంచి రాత్రిదాకా మాట్లాడినా పనికిమాలిన మాట ఒక్కటీ లేకపోతే అతడు మౌనం పాటించినట్టే. ఏకాంతం గురించి సింక్లెతికా అనే తపస్విని ఇలాంటి మాటే చెప్పింది. గుంపులో ఉంటూ మనసులో ఏకాంతంగా ఉండడం సాధ్యమే, ఒంటరిగా ఉంటూ తన తలంపుల గుంపులో నలిగిపోవడమూ సాధ్యమే అని ఆమె అన్నది. గుంటూరు పాతబస్తీలో రెండు గదుల వాటాలో ఏడుగురు ఉండే ఇంట్లో, అందరూ పడుకున్నాక వంటగది దీపం కింద బైబిలు తెరిచే గృహిణికి తన పరిస్థితి ఈ సంప్రదాయానికి బయటిదని అనుకోవలసిన పని లేదు.

అతిథి వస్తే ఉపవాసం విడిచి కలిసి భోంచేయడం ఎడారిలో ఆచారం. అలా విడిచిన వృద్ధుణ్ని ఎందుకిలా చేశావని అడిగితే, ఉపవాసం ఎప్పుడూ నాతోనే ఉంటుంది, నిన్ను మాత్రం ఎల్లకాలం ఇక్కడ ఉంచుకోలేను కదా అన్నాడు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథను, ఎడారి గురువుల మాటలను గ్రంథస్థం చేసిన జాన్ కాసియన్ చెప్పాడు. హేరోను అనే వృద్ధుడు 50 ఏళ్లు కఠిన ఏకాంతంలో గడిపాడు. ఉత్థాన పండుగ (ఈస్టర్) నాడు కూడా సోదరులతో కలిసి భోంచేస్తే తన నియమం సడలుతుందేమోనని గుడికి వచ్చేవాడు కాదు. ఎవరి సలహా వినే అలవాటు లేని ఆయనకు ఒక దయ్యం దేవదూత రూపంలో కనిపించి, నీ పుణ్యం చేత నీకేమీ కాదని చెబితే నమ్మి లోతైన బావిలో దూకాడు. బయటికి తీశాక మూడో రోజున చనిపోయాడు, చివరిదాకా తాను మోసపోయానని ఒప్పుకోలేదు. ఈ కథను దాచుకోకుండా తరతరాలుగా చదివిన సంప్రదాయానికి ఏకాంతంలో ఉన్న ప్రమాదం తెలియదని అనలేము. తలంపులను ఎప్పటికప్పుడు ఒక పెద్దకు విప్పిచెప్పాలన్న కట్టడి పుట్టింది ఈ భయంతోనే.

లోపలి నుంచే మరింత గట్టి విమర్శ కూడా వచ్చింది. ఇప్పటి తుర్కియేలోని కైసరియకు బిషప్పుగా ఉండి, రోగులకూ పేదలకూ పెద్ద ఆశ్రయాన్ని కట్టించిన బసీలు, ఒంటరి తపస్వులను సూటిగా అడిగాడు: ప్రభువు శిష్యుల పాదాలు కడిగి చూపించాడు గదా, నీవు ఒక్కడివే ఉంటే ఎవరి పాదాలు కడుగుతావు? సహనాన్ని ఎవరి దగ్గర చూపిస్తావు? ఈజిప్టులోనే పకోమియుస్ 320ల నుంచి సన్యాసులను ఒకే ప్రహరీ లోపల, ఒకే వంటశాలతో, ఒకే క్రమంతో ఉంచే మఠాలు కట్టాడు. 346 లేదా 348లో, పండితుల లెక్క ఏదైనా, ఆయన చనిపోయే నాటికి అవి పురుషులకు తొమ్మిది, స్త్రీలకు రెండు అయ్యాయి. బెనెడిక్ట్ ఈ రెండు వైపుల మాటా విన్నాడు. ఒంటరివాసాన్ని కొట్టివేయలేదు, అయితే ఎంతోకాలం మఠంలో పదిమందితో సర్దుకుని బతికి, వారి సాయంతో పోరాడడం నేర్చుకున్నవారే దానికి అర్హులన్నాడు. నాకు ఈ షరతు ఎంతో తెలివైనదిగా కనిపిస్తుంది: మనుషులతో పడక ఏకాంతం కోరేవాడిని అది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

1084లో బ్రూనో ఆరుగురు సహచరులతో ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల్లో మొదలుపెట్టిన కార్తూసియ సభ, అంటే ఒకే నియమం కింద జీవించే సన్యాసుల సంఘం, ఈ రెండు పక్షాలనూ కట్టడంలోనే కలిపింది. అక్కడ ఒక్కో సన్యాసికి ఒక్కో చిన్న ఇల్లు, చిన్న తోట, చెక్కపని గది ఉంటాయి. భోజనం గోడలోని చిన్న తలుపు గుండా అందుతుంది. అర్ధరాత్రి ప్రార్థనకు అందరూ గుడిలో కలుస్తారు, ఆదివారం భోజనం కలిసి చేస్తారు. వారానికి ఒకసారి కొన్ని గంటలపాటు కొండదారుల్లో జంటలుగా నడుస్తూ మాట్లాడుకుంటారు. ప్రపంచంలో అత్యంత మౌనులుగా పేరుపడినవారి నియమంలో మాట్లాడుకోవడం కూడా విధిగా ఉన్నదన్న మాట. నగరం నడుమ ఏకాంతానికి మరో ఉదాహరణ ఇంగ్లండులోని నార్విచ్‌లో 14వ శతాబ్దంలో జీవించిన జూలియన్. రద్దీగా ఉండే వర్తక పట్టణంలో గుడి గోడకు ఆనించి కట్టిన గదిలో ఆమె ఉండిపోయింది. అలాంటి గదులకు గుడివైపు ఒక కిటికీ, సలహా కోరి వచ్చేవారి కోసం బయటివైపు మరొకటి ఉండేవి. ఈ తరహా స్త్రీల కోసం 13వ శతాబ్దంలో ఇంగ్లండులో రాసిన ఒక మార్గదర్శి, పశువులను పెంచుకోవద్దని చెబుతూ పిల్లిని మాత్రం అనుమతించింది. తూర్పు సంఘాల్లో, ముఖ్యంగా గ్రీసులోని ఆథోస్ కొండపై, మౌనం "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అన్న ఒకే వాక్యాన్ని శ్వాసతోపాటు జపించే పద్ధతిగా రూపొందింది. నామస్మరణ తెలిసిన తెలుగువారికి అది చప్పున బోధపడుతుంది కనుక దాన్ని ఇక్కడ విస్తరించను.

ఇక మన ప్రొటెస్టెంటు పాఠకుల ప్రశ్న. 1842లో హయ్యర్ దొర గుంటూరుకు వచ్చి లూథరన్ మిషనును ప్రారంభించినప్పటి నుంచి ఈ ప్రాంతపు క్రైస్తవుల్లో చాలామందికి, ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ ఆలోచనే వారసత్వం. లూథర్ స్వయంగా 1505లో అగస్టీను సభ మఠంలో చేరినవాడు. 1521లో మఠ ప్రమాణాలకు వ్యతిరేకంగా రాసినప్పుడు ఆయన అభ్యంతరం, ప్రమాణం చేసినవాడు మిగిలిన విశ్వాసులకంటే ఒక మెట్టు పైన ఉంటాడనీ, ఆ ప్రమాణమే రక్షణను సంపాదించి పెడుతుందనీ అనుకోవడం మీద. నిశ్శబ్దంగా కూర్చుని వాక్యాన్ని ధ్యానించడం మీద ఆయనకు కోపం లేదు. ఆయన సంఘానికే చెందిన జర్మను పాస్టరు బోన్‌హోఫర్ 1935లో నాజీ పాలనకు లొంగని సంఘం కోసం ఫింకెన్‌వాల్డేలో పాస్టర్ల శిక్షణాలయం నడిపినప్పుడు, విద్యార్థులందరూ రోజూ అరగంట ఒక లేఖన భాగంతో మౌనంగా కూర్చోవాలని పట్టుబట్టాడు. ఒంటరిగా ఉండలేనివాడు సహవాసంలో జాగ్రత్తగా ఉండాలి, సహవాసంలో ఉండలేనివాడు ఒంటరితనంలో జాగ్రత్తగా ఉండాలి అన్న ఆయన హెచ్చరికను ఎడారి వృద్ధులు విని ఉంటే తమ మాటే అనుకునేవారు. మన గుంటూరు వరకు వస్తే, 1938లో బైబిలు మిషనును స్థాపించిన దేవదాసు అయ్యగారు కూడా లూథరన్ నేపథ్యం నుంచి వచ్చినవారే. అవివాహితులుగా జీవించిన ఆయన అలవాటు చేసిన సన్నిధి కూటాల్లో, దేవుని ఎదుట మౌనంగా కనిపెట్టడం నేటికీ ఒక భాగం.

వాక్యంలో ఎక్కడుందన్న ప్రశ్నకు మార్కు సువార్త మొదటి అధ్యాయం చాలు. కపెర్నహూములో పట్టణమంతా తలుపు దగ్గర గుమికూడిన సాయంత్రం తర్వాత, యేసు "పెందలకడనే లేచి, యింకను చాలా చీకటి యుండగానే" అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేస్తున్నాడు. అందరూ నిన్ను వెదకుతున్నారని శిష్యులు చెబితే, సమీపంలోని ఊళ్లకు వెళదాం, అక్కడా ప్రకటించాలి అంటాడు. వెనుక ఒక గుంపు, ముందు మరో గుంపు, వాటి నడుమ ఆ చీకటి గంట. పాత నిబంధన ప్రవక్త ఏలీయా కొండ మీద విన్న "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" కూడా అతన్ని కొండ మీదే ఉండిపొమ్మనలేదు, చేయవలసిన పనులు చెప్పి వెనక్కి పంపింది.

కతోలికుల సంగతి వేరు అనిపించవచ్చు గాని, విజయవాడలో బడి నడిపే సిస్టరునో, గుంటూరులో ఆసుపత్రి వార్డులో తిరిగే సిస్టరునో చూసేవారికి ఆమె జీవితంలోని ఈ భాగం కనిపించదు. ఇక్కడి కన్యస్త్రీల సభల్లో అధిక భాగం సేవాసభలు. అయినా వారూ, గురువులూ (ఫాదర్లూ) ఏటా కొన్ని రోజులు వడకం (రిట్రీట్) చేస్తారు. ఆ రోజుల్లో ఫోను పక్కనపెట్టి, మాటలు మాని, ధ్యానంలో గడుపుతారు. ఆంధ్రా లొయోలా కళాశాలను నడిపే యేసుసభవారికైతే 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ ఏర్పరచిన 30 రోజుల మౌన సాధన శిక్షణలో తప్పనిసరి, అందులో సాధకుడు మార్గదర్శకునితో మాత్రం ప్రతిరోజూ మాట్లాడతాడు. దక్షిణాదిలో మరో ప్రయోగం కూడా జరిగింది. 1950లో కావేరి ఒడ్డున శాంతివనం, 1958లో కేరళ కొండల్లో కురిసుమల ఆశ్రమం, కాషాయం కట్టి, నేల మీద కూర్చుని, మఠజీవితాన్ని ఆశ్రమ పద్ధతిలో నడపాలని చూశాయి. వాటిని మెచ్చినవారూ ఉన్నారు, హిందూ సన్యాసాన్ని అరువు తెచ్చుకున్నారని ఇటునుంచీ అటునుంచీ ఆక్షేపించినవారూ ఉన్నారు.

పూర్తిగా ఒంటరిగా జీవించాలనుకునేవారి విషయంలో బసీలు ప్రశ్నకు కతోలిక సంఘం ఇచ్చిన తాజా జవాబు 1983 సంఘ చట్టంలోని 603వ నిబంధన. ఏ సభకూ చెందని వ్యక్తి కూడా లోకం నుంచి మరింత దూరంగా జరిగి, ఏకాంతపు మౌనంలో, ఎడతెగని ప్రార్థనలో, తపస్సులో తన జీవితాన్ని దేవుని స్తుతికీ లోక రక్షణకూ అర్పించవచ్చునని అది గుర్తిస్తుంది. షరతు ఒకటే: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు సువార్త సలహాలను తన మేత్రాసన పీఠాధిపతి, అంటే తన ప్రాంతపు బిషప్పు, చేతుల్లో బహిరంగంగా స్వీకరించి, తన రోజు ఎలా గడవాలో నిర్ణయించే జీవన ప్రణాళికను ఆయన మార్గదర్శకత్వంలో పాటించాలి. విజయవాడ, గుంటూరు మేత్రాసనాలకూ ఈ నిబంధన వర్తిస్తుంది. రేపు ఈ ప్రాంతంలో ఎవరైనా కొండపక్క గదిలో ఒక్కరే ఉండాలనుకుంటే, ముందు వెళ్లి బిషప్పుగారితో కూర్చుని మాట్లాడాలి.